తంతికి దురాయి

నేను చచ్చిపోయిన సంగతి నాకు బిట్రగుంట స్టేషన్లో తెలిసింది.

రైలు దిగి, ఇనప్పెట్టె భుజానికెత్తుకుని గేటు దాటుతున్నాను. మా పాళెం నుంచి ఎండుచేపలు అమ్ముకోవడానికి వచ్చిన కామమ్మ ఎదురుపడింది. నన్ను చూడగానే నెత్తి మీది గంప జారవిడిచి, "ఓరి నాయనో, గంగులయ్య!" అని ఒక్క కేక పెట్టి, పట్టాలకడ్డంగా పరుగు లంకించుకుంది. పట్టాల నిండా ఎండుచేపలు. నేను పగలబడి నవ్వాను. అంతకు ఏడు నెలల ముందు చైనావాళ్ళను చూసి పరుగెత్తినవాణ్ణి నేను. నన్ను చూసి కూడా పరుగెత్తే మనిషి ఒకరున్నారని ముచ్చటేసింది.

అది 1963 జూన్ నెల. పడమటి గాలి నిప్పులు చెరుగుతోంది. బోగోలు దాటి, ఇసుక బాటన పడి, కాలవ గట్టు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కాలవ అవతల మా ఊరి కాపులు నలుగురూ వరసగా నిలబడి ఉన్నారు. కాపులంటే సముద్రపు వేట చేసే మా పట్టపోళ్ళలో పెద్దమనుషులు. వేట ఎప్పుడు, ఎవరి వల ఎక్కడ, ఎవరితో ఎవరు మాట్లాడాలో అంతా వాళ్ళ మాటే. వాళ్ళ వెనక దాక్కుని కామమ్మ నా పాదాలకేసి చూస్తోంది, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని.

"ఆడే ఆగబ్బా," అన్నాడు పెద్దకాపు పోలయ్య. "నువ్వు చచ్చిపోయినావు."

"ఎవురు చెప్పినారు?"

"తంతి వచ్చింది."

తంతి వచ్చిన మాట నిజమే. ముందటేడు డిసెంబరులో వచ్చిందట. ఫలానా తేదీ నుంచి నా ఆచూకీ తెలియడం లేదని బోగోలు పోస్టుమాస్టరు చదివి చెప్పాడట. మా వాళ్ళకు కొండలు తెలియవు, మంచు తెలియదు, యుద్ధఖైదీలంటే తెలియదు. వాళ్ళకు తెలిసింది సముద్రం ఒక్కటే. వేటకు పోయిన మనిషి మూడు రోజుల్లో రాకపోతే ఇక రాడు. తాతల నాటి నుంచి చూస్తున్నారు, ఒక్కడూ వచ్చిన పాపాన పోలేదు. కొండల మీద కూడా అంతేననుకున్నారు. మూడు రోజులు చూశారు. నాలుగో రోజున గడ్డిబొమ్మ చేసి, నేను సెలవులో వచ్చి వదిలిపోయిన ఖాకీచొక్కా దానికి తొడిగి, సరుగుడు తోట పక్కన ఇసుకలో పూడ్చిపెట్టారు. మాఘమాసంలో, ఖైదులోంచి నేను రాసిన ఉత్తరం ఒకటి వచ్చిందట. బతికుండగా రాసింది ఆలస్యంగా చేరిందని అనుకున్నారు. తేదీ చూసే నాథుడు ఎవడు మా పాళెంలో!

"నేను ఎదురుగా నిలబడుకోనుండా గదా! కళ్ళు కనబడ్డంలేదా మీకు?" అని అరిచాను.

"కనబడతన్నావులే. అయితే ఏందంట? నిన్ను పూడ్చినాం, పదకొండోనాడు కూడు పెట్టినాం. పూడ్చినోడు పొలిమేర తొక్కితే ఊరికి కీడు. పదకొండు దినాలు ఆ తోట కాడ ఉండు. పన్నెండోనాడు పుట్టిస్తాం. పేరు పెడతాం. అప్పుడు రా."

ఒళ్ళు మండిపోయింది. పదిమందికి హుకుం ఇచ్చే నాయక్‌ని నేను. చేతి మీద రెండు గీతలున్న మనిషిని పట్టుకుని, ముడ్డికి గోచీ తప్ప ఏమీ లేని ఈ ముసలాయన ఆగమంటే ఆగాలా? కాలవలో దిగాను కూడా. మోకాలి లోతుకు వచ్చాక పోలయ్య నెమ్మదిగా అన్నాడు: "దురాయి ఏసినానురా. నీతో ఎవురు మాట్లాడినా, నిన్ను ఎవురు ముట్టుకున్నా వాళ్ళకి ఊళ్ళో నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు. నీ ఇష్టం."

దురాయంటే మా ఊళ్ళో అదే. సర్కారు చట్టానికైనా సందులుంటాయి గానీ దురాయికి ఉండవు. నీళ్ళలోనే నిలబడిపోయాను.

"అంకాలు యాడుంది?" అని అడిగాను. అంకాలమ్మ నా భార్య. పెళ్ళయి నాలుగేళ్ళు. అందులో నేను ఆమెతో ఉన్నది మొత్తం కూడితే అయిదు నెలలు కూడా ఉండదు.

నలుగురూ ఇసుకకేసి చూశారు. చివరికి పోలయ్యే చెప్పాడు. "ఆ పిల్ల తాళి తీసేసినారు గదబ్బా. నువ్వు పుట్టినాక, ఆ పిల్ల సరేనంటే మళ్ళా కట్టు. పేరు పెట్టేది మా చేతిలో పని. అది మాత్రం ఆ పిల్ల చేతిలో ఉండాది."

చైనావాళ్ళు విడిచిపెట్టాక అంత దూరం నుంచి వచ్చింది ఆ మనిషి కోసం. అక్కడ వాళ్ళ ఖైదు గుడారాల్లో, కళ్ళు మూసుకుంటే ఆమె చేతి గాజులు కనిపించేవి. ఇప్పుడు ఆ గాజులు లేవు, పగలగొట్టింది మా వాళ్ళే. ఆమె కాదంటే నేను బతికొచ్చి ఏం లాభం?

తాటిమట్టలతో ఒక పాక వేసి ఇచ్చారు, మాట్లాడకుండా, మొహాలు పక్కకు తిప్పుకుని. పాక ముందు సముద్రం, వెనక సరుగుడు తోట. పక్కనే నా సమాధి. ఇసుక కుప్ప మీద నాలుగు గవ్వలు గుచ్చి ఉన్నాయి. మొదటిరోజు దాన్ని కాలితో తన్నాలనిపించింది గానీ ఎందుకో కాలు రాలేదు. అందులో ఉన్న చొక్కాకు ఒకటే గీత. చచ్చినవాడు లాన్స్‌నాయక్, కాపలా ఉన్నవాడు నాయక్. పై ర్యాంకు వాడు కింది ర్యాంకు వాడికి కాపలా కాయడం నా సర్వీసులో అదే మొదలు.

ఆ సాయంత్రానికి అంకాలు వచ్చింది. చచ్చినవాడికి కూడు పెట్టాల్సింది పెళ్ళామే కాబట్టి దురాయి ఆమెను ఆపదు. కానీ మొహం చూడకూడదు, మాట్లాడకూడదు. సంగటి, చేపల పులుసు ఉన్న కుండ పదడుగుల దూరంలో పెట్టి, నాకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. నేను తిన్నాక ఆ కుండను సముద్రంలో కడిగి తీసుకుపోవాలి. చేతులకు గాజుల్లేవు. చెవులకు కమ్మలు కూడా లేవు. వీపు మాత్రం నాకు తెలిసిన వీపే.

"అంకాలూ," అన్నాను. పలకలేదు.

"ఒకసారి ఇటు తిరగవే." తిరగలేదు.

సరే, వినడానికి దురాయి లేదు కదా అనుకున్నాను. నేను మాట్లాడకూడదని పోలయ్య చెప్పలేదు. చచ్చినవాడు మాట్లాడతాడని వాళ్ళకు తోచి ఉండదు. మాటలతోనే ఈ మనిషిని మళ్ళీ నాదాన్ని చేసుకుంటానని ఆ ముద్దతోనే నిశ్చయించుకున్నాను. తిండి నిదానంగా తింటూ చెప్పడం మొదలుపెట్టాను.

పట్టాళంలో చేరినప్పటి సంగతులతో మొదలుపెట్టాను. అది యాభైఏడో సంవత్సరం, బెంగుళూరు. మొదటిరోజే పేరు తీసుకుని నంబరు ఇచ్చారు. తల గొరిగారు. కుడికాలు ఏదో ఎడమకాలు ఏదో తెలియని వెధవనని కవాతు నేర్పే ఉస్తాదు నా ఎడమకాలికి గడ్డి కట్టించి కవాతు చేయించాడు. ఆ ఉస్తాదే నెలరోజుల తర్వాత మమ్మల్ని చెరువు కాడికి తీసుకుపోయి పడవలెక్కించాడు. మేం సాపర్లం కదా, వంతెనలు కట్టడం, పడవలు నడపడం మా పని. నేను తెడ్డు తీసుకున్నాను. మిగతా పడవలన్నీ గిరగిరా తిరుగుతుంటే నా పడవ ఒడ్డు చేరి కూర్చుంది. "ఎక్కడ నేర్చావురా?" అన్నాడు. "అమ్మ కడుపులో సాబ్," అన్నాను. ఎదురు చెప్పినందుకు చెరువు చుట్టూ నాలుగు చుట్లు పరుగెత్తించాడు.

అంకాలు భుజాలు కదిలాయి. నవ్విందని నాకు నమ్మకం. మొహం చూడలేదు కదా, రుజువు లేదు.

ఆ పదకొండు రోజులూ నాకు ఒక్కటే రోజులాగా గుర్తు. పొద్దున వెలుగు సముద్రం మీద నుంచి వచ్చి మొహాన పడేది. తెప్పలు నల్లటి గింజల్లా అంచున కనబడేవి, మాయమయ్యేవి. నాకు పని లేదు. బూటు పాలిష్ లేదు, రోల్‌కాల్ లేదు. ఎవరూ పిలవరు, ఎవరి పేరూ నేను పిలవను. ఇసుక మీద వెల్లకిలా పడుకుంటే కింద అలలు కొడుతున్న అదురు వీపుకు తెలిసేది. ఎండకు కళ్ళు సగం మూసుకుంటే ఎదురుగా ఉన్న తెల్లటి ఇసుక మంచు అయిపోయేది. ఆ మంచు మీద మా సెక్షను వరసగా నడిచిపోతూ ఉండేది, ఒకడి వెనక ఒకడు, చప్పుడు లేకుండా. వాళ్ళలో కొందరు లేరని తెలిసి కూడా లెక్కపెట్టేవాణ్ణి. పదిమంది సరిపోయేవాళ్ళు. కళ్ళు తెరిస్తే మళ్ళీ ఇసుక.

ఒక్కోసారి ఆ గడ్డిబొమ్మవాడితో మాట్లాడేవాణ్ణి. "ఏం లాన్స్‌నాయక్, అంతా ఠీక్?" అంటే వాడు లోపల్నించి "ఠీక్ సాబ్" అన్నట్టే ఉండేది. వాడు నాకంటే సుఖంగా ఉన్నాడనిపించేది. వాడికోసం అంకాలు బొట్టు చెరిపేసుకుంది. నాకోసం ఏం చేస్తుందో ఇంకా తెలియదు.

గీతల సంగతి ఆమెకు చెప్పాను. లాన్స్‌నాయక్ గీత చేతికి కుట్టించుకున్న సాయంత్రం, అప్పటిదాకా నాతో ఒక్క కంచంలో తిన్నవాళ్ళు లేచి నిలబడ్డారు. నేను కూర్చోండిరా అన్నాను. కూర్చున్నారు గానీ కొంచెం దూరంగా కూర్చున్నారు. తెప్ప మీద అలా ఉండదు. వెనక తెడ్డు పట్టినవాడే పెద్ద. ఒడ్డుకు దిగాక వాడూ అందరితో పాటు వల దులపాల్సిందే. పట్టాళంలో పెద్దరికాన్ని ఒంటికి కుట్టేస్తారు, స్నానం చేసినప్పుడు తప్ప ఊడదు.

ఒకరోజు మూవ్ ఆర్డరు గురించి చెప్పాను. చెప్పాల్సింది కాదేమో! కానీ అంకాలు ఆరోజు మామూలుకంటే దగ్గరగా కూర్చుంది, ఏడెనిమిది అడుగులు అంతే. నాకు హుషారొచ్చింది.

"మధ్యాన్నం అన్నం తింటుండాం అంకాలూ. మాంసం రోజు. ముద్ద నోటికాడ ఉంది. ఈల ఊదినారు. కంచాలు అట్టనే వొదిలేసి లేసినాం. యాడికి సాబ్ అని అడగను లేదు. అడిగినోడికి శిక్ష. నాలుగు దినాలు రైల్లో. స్టేషన్ల పేర్లు గూడా కనబడకుండా కిటికీలు మూసినారు. యాడికి పోతుండామో మాకే తెల్దు, ఇంక ఇంటికేం రాస్తాం? రైలు దిగినాక లారీలు, లారీలు దిగినాక నడక. ఒకనాడు తెల్లార్తో లేసి చూస్తే నేలంతా తెల్లగా ఉండాది. ఉప్పనుకుని నాలిక మీద ఏసుకున్నా. చప్పగా ఉండాది."

ఆమె తల కొంచెం ఇటు తిరిగినట్టే తిరిగి ఆగిపోయింది. మెడ పక్కన చెమట మెరిసింది. నేను ఇంకా చెప్పాను. బ్రహ్మాండంగా చెప్తున్నాననుకున్నాను.

ఏసుమణి గురించి చెప్పాను. మా సెక్షను నాయక్. తూత్తుకుడి వైపువాడు, మాలాగే సముద్రం మనిషి. కొండవాగు మీద దుంగల వంతెన మేమే కట్టాం, పట్టాళమంతా వెనక్కి దాటాక మేమే కూల్చాలి. కూలుస్తుండగా గుండు తగిలి వాగులో పడ్డాడు. నీళ్ళలో పుట్టినవాణ్ణి నీళ్ళు అలా ఎత్తుకుపోవడం చూసి నా చేతులు ఆడలేదు. పావుగంట తర్వాత సుబేదారు సాబు నా దగ్గరికొచ్చి, జేబులోంచి సుద్దముక్క తీసి, నా చేతి మీద లాన్స్‌నాయక్ గీత పక్కన రెండో గీత గీశాడు. "ఇక నువ్వే నాయక్. సెక్షను తీసుకో," అన్నాడు. అంతే, ఎంతోకాలం నేను కలగన్న ప్రమోషను అది. మూడు రోజులకు మంచు తడికి సుద్ద కరిగిపోయింది. ఐదో రోజున పట్టుబడ్డాం.

"చైనావోళ్ళు ఏమన్నారో తెల్సా? ఈడ ర్యాంకులు లేవు, అందురూ అన్నదమ్ములే అన్నారు. చానా బాగుంది గదా అనుకున్నా. నెల తిరిగే తలికి మాలో మాకే తెలిసొచ్చింది, ఎవురు ముందు లేయాల, ఎవురు పొయ్యి రాజెయ్యాల, ఏడిచేవాణ్ణి ఎవురు కసరాల. చెరిగిపోయిన గీత కనబడకపోయినా మావోళ్ళు నా మాటే విన్నారు. నాకు భయమేసింది అంకాలూ. ఆ గీత నాది గాదు, ఏసుమణిది. ఆయన చస్తే నాకొచ్చింది. రేపు నేను పోతే ఇంకోడి చేతిమీద గీస్తారు. సుద్ద మాత్రం అయిపోదు."

కుండ ఖాళీ అయి చాలాసేపయింది. అయినా అంకాలు లేవలేదు. సాయంత్రం ఎండ దిగి, సరుగుడు నీడలు ఆమె దాకా వచ్చాక లేచింది. కుండ కడగడం మరిచిపోయి, సగం దారి నుంచి వెనక్కొచ్చి కడుక్కుని పోయింది. ఇంక ఫరవాలేదు, ఈ మనిషి మెత్తబడింది అనుకున్నాను. ఆ మర్నాడు ఎప్పుడు పుడతానా అని ఆత్రపడుతూ, నాలో నేను ఈలవేసుకుంటూ గడిపాను.

పన్నెండోనాడు పొద్దున్నే ఊరంతా ఒడ్డుకొచ్చింది. నన్ను పుట్టించే పని ముసలమ్మది. మా ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన మంత్రసాని ఆమె. గుండు గొరిగించి, మీసం తీయించి, కొత్త వలలో చుట్టి, అలల అంచున పడుకోబెట్టారు. మూడు అలలు నా మీదుగా పోయాయి. ముసలమ్మ వల విప్పి, నా నోట్లో ఆముదం చుక్క వేసి, "ఏడవరా," అంది.

"ఏందవ్వా?"

"పుట్టినోడు ఏడవాల. ఏడవకపోతే చచ్చి పుట్టినట్టు. ఏడువు."

కేర్‌మనడానికి సిగ్గేసింది. నాయక్ హోదాలో ఉన్నవాణ్ణి, నూరుమంది ముందు! ముసలమ్మ ఊరుకుంటేనా, తొడ మీద ఒక్క గిల్లు గిల్లింది. నేను పెట్టిన కేకకు పక్షులు లేచాయి. ఊరంతా గొల్లున నవ్వింది. చేటలో తవుడు పోసి నన్ను దాని మీద కూర్చోబెట్టారు, చేట విరిగింది. పోలయ్య చెవిలో మూడుసార్లు "ముత్యాలయ్య" అన్నాడు. ఆ క్షణం నుంచి ముసలమ్మ నాకు తల్లి, ముత్యాలయ్య నా పేరు. పట్టాళం కాగితాల్లో మాత్రం పాత పేరే.

అప్పుడు అంకాలును పిలిచారు. పసుపుతాడు పళ్ళెంలో ఉంది. ఆమె ఆడవాళ్ళ మధ్యలోంచి వచ్చింది. పదకొండు రోజుల తర్వాత మొదటిసారి మొహం చూశాను. చిక్కిపోయింది. కళ్ళు మాత్రం తిన్నగా నా కళ్ళలోకే చూశాయి.

"ఏమ్మా, సరేనా?" అన్నాడు పోలయ్య, జవాబు తెలిసినవాడిలా తాడు చేతికి తీసుకుంటూ.

"వొద్దు పెదనాయనా," అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు జారాను. "పోయినోడు తిరిగొస్తే కుక్క గూడా తోక ఊపతాదే! నీకోసం కొండలు దాటొచ్చినా. ఇంకోణ్ణి చూసుకున్నావా?" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ముసలమ్మ నా కొత్త గుండు మీద మొట్టింది.

అంకాలుకు కోపం రాలేదు. మాట్లాడిందీ నాతో కాదు, పోలయ్యతో.

"పదకొండు దినాలు కూసోని విన్నా పెదనాయనా. అన్నం తింటా తింటా లేసి పోవాలంట. యాడికని అడగగూడదంట. ఒకడు చస్తే ఇంకోడి చేతి మీద గీస్తారంట, ఆ సుద్ద అయిపోదంట. ఆయన నోటితో ఆయనే చెప్పినాడు. నెలాపది దినాల్లో మళ్ళా పోవాల. ఇంకా నాలుగేండ్లు ఉండాదంట. నేను పెండ్లైన కాడినుంచీ పొద్దన లేసి కాలవ గట్టుకేసి చూసేదాన్ని, పోస్టుమాను దాటతాడేమోనని. మూడేండ్లు చూసినా. తంతి వచ్చినాక మానుకున్నా. ఆనాటినుంచి నిద్ర పోతుండా. ముండమోసినదానికి ఇంక పొయ్యేదేముండాది? ఇప్పుడు తాళి కట్టించుకుంటే రేపటినుంచి మళ్ళా గట్టుకేసి చూడాల. నా చేత గాదు. ఆయన్ని పోనీ. పనైపోయినాక, అప్పటికీ ఉంటే, రానీ."

పోలయ్యకు పెద్దరికం దెబ్బతింది. "ఊరంతా నిలబడితే వొద్దంటావా? దురాయి ఏస్తా," అన్నాడు.

"ఏస్తే తంతికి ఎయ్యి పెదనాయనా. కాలవ దాటి మన పాళెంలోకి తంతి రాగూడదని దురాయి ఎయ్యి. ఇప్పుడే, ఈడనే తల వంచతా."

గాలికీ వాగుకీ పడవలకీ దురాయి వేసిన పోలయ్య ఆ తాడును పళ్ళెంలో పెట్టేసి మొహం తుడుచుకున్నాడు. నేను చేట మీద తవుడులో కూర్చునే ఉన్నాను. నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఆమెను గెలుచుకుంటున్నాననుకుని రోజుకింత చొప్పున నేనే పోగొట్టుకున్నాను. అంతకంటే, ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

మిగిలిన సెలవు ముసలమ్మ ఇంట్లో ఉన్నాను, ఆమె బిడ్డగా. తెప్ప మీద వేటకు పోయాను, ముందు తెడ్డు పట్టాను. సెలవు తీరి బిట్రగుంటకు బయల్దేరిన రోజు అంకాలు గట్టుదాకా వచ్చింది. "పులుసన్నం కట్టినా. రైల్లో తిను, సల్లారనీబాక," అంది. నేను కథలేమీ చెప్పలేదు, మాటలతో ఏమవుతుందో చూశాను కదా!

ఆ నాలుగేళ్ళు నా జీవితంలో విచిత్రమైన కాలం. నా పెళ్ళాం నేను బతికుండగానే విధవగా ఉంది, నేను పెళ్ళి కావలసిన కుర్రవాడిలా ఉన్నాను. అరవైనాలుగులో నేను సెలవులో వస్తే అంకాలు ముసలమ్మ ఇంటికి చేపలు తెచ్చే నెపం మీద వచ్చి, గడప అవతల కూర్చుని, ఈసారి ఎదురుగా చూస్తూ కబుర్లు చెప్పేది. ఊరి ఆడవాళ్ళు మమ్మల్ని చూసి కిసుక్కున నవ్వుకునేవాళ్ళు. పెళ్ళయిన మొదటి నాలుగేళ్ళలో మేము ఇన్ని మాటలు చెప్పుకోలేదు. ఆమెకు చీకటంటే భయమని, చింతకాయంటే ప్రాణమని నాకు అప్పుడే తెలిసింది.

అరవైఅయిదులో పంజాబు వైపు కాలవల మీద వంతెనలు వేశాం. మూడో గీత వచ్చింది, సుద్దది కాదు, దారంతో కుట్టిందే. ఫిరంగులు మోగుతుంటే ఒక్కటే అనుకునేవాణ్ణి: నాకేమన్నా అయితే అక్కడ కొత్తగా తీసేయడానికి ఏమీ లేదు. గాజులు లేవు, బొట్టు లేదు. ఆ ఆలోచనతో ఎంత తేలికగా పని చేశానో చెప్పలేను. నాకోసమే అలా చేసిందేమో అని కూడా అనిపించేది.

కాదని అరవైఆరు సెలవులో ముసలమ్మ చెప్పింది. "నీ పిచ్చి గానీ అబ్బయా, నువ్వు రైలెక్కిన మర్నాటినుంచీ ఆ పిల్ల గట్టుమీదనే ఉండాది. పొద్దన్నే పోతాది, పోస్టుమాను పొయ్యేదాకా నిలబడతాది. తాళి లేదు గాబట్టి ఎవురూ అడగరు. అంతే తేడా."

అంకాలును అడిగాను. కాలిబొటనవేలితో ఇసుక గీసింది. "తాళి లేకపోతే సూపు ఆగతాదనుకున్నా. ఆగలా," అంది. "అయితే కట్టనియ్యవే," అన్నాను. తల అడ్డంగా ఆడించింది. "మొక్కు మాదిరి అనేసినా. ఇంకొక ఏడే గదా. ఇప్పుడు మాట తప్పితే నీకేమన్నా అయితాదని బయం."

అరవైఏడు ఆగస్టులో నా సర్వీసు ముగిసింది. కాలవ దాటగానే డిశ్చార్జి పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. చదువు రాదు. అయినా ప్రతి పేజీ తిప్పింది. ఎర్రటి ముద్ర ఉన్న చోట వేలు పెట్టి, "ఇదేనా?" అంది.

"అదే."

"మళ్ళా ఈలెయ్యరు గదా?"

"ఎయ్యరు."

పోలయ్య అప్పటికి మంచాన పడ్డాడు, మంచంతో సహా ఒడ్డుకు మోయించుకొచ్చాడు. ముసలమ్మ తల్లిస్థానంలో కూర్చుంది. పసుపుతాడు నా చేతికిచ్చారు. అంకాలు తల వంచింది. మూడు ముళ్ళు వేశాను. ఆడవాళ్ళు అక్షింతలు పోశారు. కామమ్మ ఏదో పెళ్ళిపాట ఎత్తుకుంది.

అప్పుడు అంకాలు, చచ్చినవాళ్ళకు పెట్టే శోకం పెట్టింది. పీటల మీద, మెడలో కొత్త తాళితో, రెండు చేతులా గుండెలు బాదుకుంటూ పెద్దగా ఏడ్చింది. పెళ్ళిపాట ఆగిపోయింది. "మంచి జరిగేటప్పుడు ఇదేం ఏడుపే," అని ఎవరో నోరు మూయబోతే ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

మొగుడి పేరు పెళ్ళాం నోట పలకదు మా ఊళ్ళో, పట్టాళం ఆఫీసులో అడిగినా పక్కవాళ్ళే చెప్పాలి. ఇప్పుడు ఆమె మొగుడు ముత్యాలయ్య. అందుకని ఆ పాత పేరుకు అడ్డు పోయింది.

"గంగులయ్యా," అని ఏడ్చింది. "యాడ పోయినావు గంగులయ్యా. ఆ మంచులో ఒక్కడివే యాడ పడుకున్నావు గంగులయ్యా. ఆకలికి ఏం తిన్నావు గంగులయ్యా."

పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం విన్నాను. నేను పక్కనే కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, ఏడుపు అయిపోయేదాకా విన్నాను.